ఇంటి ప్రయోగశాలకు ఎట్టి సర్వరు కొనవలెను?

ఒక్క యంత్రములో పది యంత్రములను నడిపించు విద్య మన కాలమున పుట్టినది కాదు. 1960 దశకములో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐబీఎం సంస్థవారి శాస్త్రకేంద్రములో ఆ విద్యకు బీజము పడినది. 1972లో ఆ సంస్థయే దానిని వీఎం/370 అను పేర వాడుకదారులకు ప్రకటించినది. ఆ కాలమున కంప్యూటరనగా గది నిండ పట్టు వస్తువు. అంత వెల పెట్టి తెచ్చిన దానిని ఒక్కరికే అప్పగింప మనసొప్పక, ప్రతివానికిని తనకొక ప్రత్యేకమైన కంప్యూటరున్నట్లు తోపించు ఉపాయమును వారు కనిపెట్టిరి. అట్లు కల్పింపబడిన యంత్రమునే వర్చువల్ మెషీన్ అనుచున్నాము. దానిని కల్పించి పోషించు ప్రోగ్రామునకు హైపర్‌వైజరని పేరు.

చాలకాలము ఈ విద్య పెద్ద సంస్థల గడప దాటలేదు. 1999లో వీఎంవేర్ సంస్థ సామాన్యమైన బల్లమీది కంప్యూటరుపై పనిచేయు ప్రోగ్రామును విడుదల చేసెను. 2005లో ఇంటెల్‌వారును, 2006లో ఏఎండీవారును తమ ప్రాసెసర్లలోనే ఇందుకు వలయు ఏర్పాటును చేర్చిరి. 2007లో లినక్సు కెర్నెల్‌లో కేవీఎం అను భాగము చేరినది. నాటి నుండి ఒకప్పుడు గది నిండిన విద్య పుస్తకమంత పెట్టెలో ఇముడుచున్నది. ఆఫీసులవారు వాడి పారవేసిన పెట్టె యైనను చాలును.

ఇది ఎవరికి కావలెనని అడుగవచ్చును. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల వీధులలో నడచినవారికి చెప్పనక్కరలేదు. లినక్సు, విండోస్ సర్వరు, వీఎంవేర్, కుబెర్నెటీస్, డేటాబేసు నిర్వహణము, ఇట్లు ఎన్నియో విద్యలు నేర్పు సంస్థలు అచట కిక్కిరిసియున్నవి. ఏ జిల్లా నుండియో వచ్చి, అద్దె గదిలో ముగ్గురు నలుగురు కలిసియుండి, అవి నేర్చుకొనుచున్న యువకులును యువతులును వేలకొలది. తరగతిలో గురువు చూపునది ఒక యెత్తు, తాము స్వయముగా స్థాపించి, చెడగొట్టి, మరల బాగుచేసి నేర్చుకొనునది మరియొక యెత్తు. ఆఫీసు సర్వరును చెడగొట్టి నేర్చుకొనుటకు ఎవరును అనుమతింపరు. కావున ఇంట నొక ప్రయోగశాల యుండిన బాగుండునను కోరిక సహజము. అయితే, రుసుము కట్టిన పిమ్మట తండ్రి చేతిలో మిగులు సొమ్ము పరిమితము. అందులో నుండి తీసి యిచ్చు పదిహేను వేలో ఇరువది వేలో తప్పుడు యంత్రముపై ఖర్చైనచో, మరల అడుగుటకు నోరు రాదు. ఈ ప్రసంగము ముఖ్యముగా అట్టివారిని ఉద్దేశించినది.

మొట్టమొదట మేము చెప్పదలచినది ఏమనగా, కొనుటకు ముందు ఇంటనున్న దానిని చూడుడు. మీ ల్యాప్‌టాప్‌లో 16 జీబీ మెమరీ యున్నచో రెండు మూడు వర్చువల్ మెషీన్లకు అది చాలును. ఒరాకిల్‌వారి వర్చువల్‌బాక్సు ఉచితము. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడ 2024 నవంబరు నుండి అందరికిని ఉచితమైనది. ఆరు నెలలు ఇట్లు సాధన చేసిన పిమ్మటనే తనకు నిజముగా ఏమి కావలెనో విద్యార్థికి తెలియవచ్చును. ఏమియు తెలియకముందే సర్వరు కొన బయలుదేరుట, రాగమేదో తెలియకయే వీణకు బేరమాడుట వంటిది.

ఇక కొనవలసియే వచ్చినదనుకొందము. దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితముపై లెక్క వేయవలెను. ఆ లెక్క ప్రాసెసరు వేగమునకు సంబంధించినది కాదు, మెమరీకి సంబంధించినది. దీనికి కారణమున్నది. పది వర్చువల్ మెషీన్లు ఒకే ప్రాసెసరును పంచుకొన్నపుడు, వానిలో తొమ్మిది ఏ క్షణమునందైనను ఊరక కూర్చుండియే యుండును. ఊరక కూర్చున్నవానికి ప్రాసెసరుతో పనిలేదు. నాలుగు కోర్లపై పండ్రెండు కోర్లను పంచి యిచ్చినను ఇంటి సాధనలో పెద్ద లోపము కనబడదు. మెమరీ సంగతి అట్లు కాదు. ఊరక కూర్చున్న మెషీను కూడ తన మెమరీని పట్టుకొనియే కూర్చుండును. భోజనశాలలో వడ్డించువాడొక్కడు పది విస్తళ్లకు తిరుగగలడు గాని, కూర్చుండుటకు మాత్రము పదిమందికి పది పీటలు ఉండి తీరవలెను. మెమరీ పీట వంటిది. పంచి సరిపుచ్చు ఉపాయములు హైపర్‌వైజర్లలో కొన్ని యున్నవి గాని, వానిని నమ్ముకొని కొనుట మంచిది కాదు.

లెక్కకు ఉదాహరణము చూతము. సామాన్య నిర్వహణ విద్యను నేర్చువానికి విండోస్ డొమైన్ సర్వరొకటి, దానికి 4 జీబీ. దానితో చేరు విండోస్ వాడుక యంత్రమొకటి, మరియొక 4. కుబెర్నెటీస్ కొరకు మూడు లినక్సు యంత్రములు, ఒక్కొక్కదానికి 2 చొప్పున 6. డేటాబేసు పెట్టుకొనుటకు మరియొక లినక్సు, 2. హైపర్‌వైజరు తన కొరకు ఉంచుకొనునది 2. మొత్తము 18 జీబీ. ఇట్టివానికి 32 జీబీ గల యంత్రము పుష్కలము. 64కు, 128కి పోనక్కరలేదు.

వీఎంవేర్ విద్యనే వృత్తిగా నెంచినవాని లెక్క వేరు. వీసెంటర్ సర్వరు అను నిర్వహణ యంత్రము ఎనిమిదవ సంచికలో, అన్నిటికంటె చిన్నదిగా స్థాపించినను, 14 జీబీ కోరును. దాని క్రింద ఈఎస్‌ఎక్స్ఐ యంత్రములు కనీసము రెండు, ఒక్కొక్కటి 8 జీబీ చొప్పున 16. పేర్లు, చిరునామాలు చూచు యంత్రమునకు 2, అడుగున నున్న హైపర్‌వైజరునకు 2. ఇప్పటికే 34 అయినది. ఇంకను ఆ ఈఎస్‌ఎక్స్ఐలలో నడుపవలసిన మెషీన్ల మాటయే యెత్తలేదు. ఇట్టివానికి 64 జీబీ పట్టని యంత్రము వ్యర్థము. ఒకే తరగతిలో ప్రక్క ప్రక్క కూర్చున్న ఇరువురికి రెండు వేరు యంత్రములు కావలసివచ్చుట ఇందువలననే. మిత్రుడు కొన్నాడని దానినే కొనుట ఈ విషయములో పనికిరాదు.

ఇచట దుకాణదారుని పలుకులను గూర్చి కొంచెము హెచ్చరింపవలసియున్నది. లెక్క కాగితము చేతలేనివాడు పాత సామానుల అంగడిలో అడుగిడగానే, గోడకు చేర్చి పెట్టిన పొడవాటి ఇనుప పెట్టె నొకటి చూపుదురు. "బాబూ, దీనిలో రెండు జియాన్ ప్రాసెసర్లున్నవి, నూటయిరువది యెనిమిది జీబీ మెమరీ యున్నది, ఒకప్పుడు లక్షల వెల చేసినది, ఈ ధరకు మీకు మరి యెచ్చటను రాదు" అందురు. ఆ మాటలలో అబద్ధమేమియు ఉండనక్కరలేదు. డెల్ సంస్థవారి ఆర్710 అను సర్వరులో మెమరీకి 18 స్లాట్లు, దాని తరువాత వచ్చిన ఆర్720లో 24 స్లాట్లు ఉన్నవి. పెద్ద సంస్థలు ఇట్టివానిని తీసివేసినపుడు తూకపు ధరకు దగ్గరగా అమ్ముడగుట కూడ నిజమే. అయితే గుర్రము చవుకగా వచ్చినదని సంతసించువాడు దాని దాణా లెక్క కూడ చూచుకొనవలెను.

ఆ దాణా విద్యుత్తు. ఒక వాటు విద్యుత్తును ఏడాది పొడవున ఎడతెగక వాడినచో 8.76 యూనిట్లగును. ఈ యొక్క సంఖ్యను గుర్తుంచుకొన్న చాలును. రెండు ప్రాసెసర్లు, నాలుగైదు డిస్కులు గల పాత ర్యాకు సర్వరు, ఏ పనియు చేయక ఊరకయున్నప్పుడు కూడ నూరు మొదలు రెండు వందల వాట్ల దాక త్రాగును. 150 వాట్లని అనుకొందము. నెలకు 108 యూనిట్లు, ఏడాదికి 1314 యూనిట్లు. ఆఫీసులలో వాడు చిన్న పెట్టె కంప్యూటరు ఊరకయున్నప్పుడు సాధారణముగా పది పదిహేను వాట్లకు మించి కోరదు. 15 వాట్లనుకొన్నను నెలకు 11 యూనిట్లలోపు, ఏడాదికి 131. ఈ రెంటికి వ్యత్యాసము ఏడాదికి సుమారు 1180 యూనిట్లు. యూనిటు 8 రూపాయలని లెక్కించిన యెడల 9,400 రూపాయలకు పైమాట. మూడేండ్లలో అది 28,000 దాటును. చవుక సర్వరు అట్లు తన వెలను నెలనెలకు వసూలు చేసికొనుచునే యుండును.

అంతటితో ముగియలేదు. మన రెండు రాష్ట్రములలోను గృహవిద్యుత్తునకు శ్లాబుల పద్ధతి కలదు. వాడుక పెరిగినకొలది యూనిటు రేటు పెరుగును. తెలంగాణలో నెలవాడుక 200 యూనిట్లు దాటినచో మొదటి యూనిట్ల రేటు కూడ మారిపోవును. మరియు అచట 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద, నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హ కుటుంబములకు బిల్లు సున్న. నెలకు 140 యూనిట్లు వాడు ఒక కుటుంబము నూహింపుడు. కుమారుడు చదువు కొరకని తెచ్చిన సర్వరు 108 యూనిట్లు చేర్చినచో 248 అగును. ఏమియు కట్టనక్కరలేని ఇంట పూర్తి బిల్లు కట్టవలసివచ్చును. అదే చిన్న పెట్టె యైనచో 151 దగ్గర నిలిచి, ఆ కుటుంబమునకు కలిగిన సౌకర్యము చెక్కుచెదరదు. సర్వరు విషయమై వ్రాయు పాశ్చాత్య గ్రంథములలో ఈ లెక్క కనబడదు. మన యిండ్లలో మాత్రము యంత్రపు వెలకంటె ఇదియే ముఖ్యమని మా అభిప్రాయము.

యంత్రము ఎంత త్రాగుచున్నదో తెలిసికొనుటకు ప్లగ్గులో పెట్టి చూచు వాటుమీటర్లు అంగడిలో దొరకును. అదియును కొననక్కరలేదనువారు ఇంటి మీటరునే వాడుకొనవచ్చును. ఎలక్ట్రానిక్ మీటరు ముఖముపై యూనిటుకు ఎన్ని మెరుపులో వ్రాసియుండును. 3200 అని యున్నదనుకొందము. ఇంటనున్న తక్కిన సాధనములనన్నిటిని ఆపివేసి, సర్వరునొక్కదానిని నడిపి, ఎర్రదీపము మెరయుటను గడియారము పెట్టి లెక్కింపవలెను. 150 వాట్ల యంత్రమైనచో నిముషమునకు ఎనిమిది మెరుపులు. 15 వాట్లదైనచో ఒక్క మెరుపు కొరకు నిముషమును పావు వేచియుండవలెను. ఈ రెంటిని ఒకసారి కన్నులార చూచినవానికి మరి యుపదేశ మక్కరలేదు.

ఆ సర్వర్లకు మరి రెండు దోషములు కలవు. ఒకటి రొద. చల్లని గదులలో మనుష్యులకు దూరముగా ఉంచుటకై నిర్మించిన యంత్రములగుటచే వాని ఫ్యాన్లు చిన్నవి, మిక్కిలి వేగముగా తిరుగును. నలుగురు పరుండు గదిలో అది యుండరాదు. రెండవది వేడి. యంత్రము త్రాగిన ప్రతి వాటును చివరకు వేడిగా మారి గదిలోనే చేరును. రెంటచింతలలోనో రామగుండములోనో మే నెల మధ్యాహ్నమున తలుపులు మూసిన గదిలో అదనముగా 150 వాట్ల వేడిని పుట్టించుకొనుట ఎట్టిదో ఆ యూళ్లవారే చెప్పవలెను. పెద్ద సర్వర్ల గుణములు నేర్చుటయే తన వృత్తి యగునెడల, దానిని కొని, పనియున్న గంటలు మాత్రమే నడిపి ఆపివేయుట ఒక పద్ధతి. అట్లు చేయగలవారితో మాకు పేచీ లేదు.

అందరకును అనువైనవి ఆఫీసుల నుండి వచ్చు చిన్న పెట్టెలు. డెల్‌వారి ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీవారి ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవోవారి థింక్‌సెంటర్ టైనీ అనునవి ఈ జాతిలో ప్రసిద్ధములు. లీటరు డబ్బా అంత పరిమాణము. ఇవి అంగడిలో విరివిగా దొరకుటకు ఒక కారణము కలదు. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కి మద్దతును 2025 అక్టోబరు 14న ముగించినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను దాదాపుగా అంగీకరింపదు. కావున ఆరవ, ఏడవ తరముల యంత్రములను ఆఫీసులు వదిలించుకొనవలసివచ్చినది. హైపర్‌వైజరుకు విండోస్ 11 నియమముతో పనిలేదు. ఆఫీసునకు పనికిరాని యంత్రము విద్యార్థికి చక్కగా పనికివచ్చును.

తరముల భేదమును క్లుప్తముగా చెప్పుదుము. ఆరవ తరపు ఐ5-6500టీలో నాలుగు కోర్లు. ఎనిమిదవ తరపు ఐ5-8500టీలో ఆరు కోర్లు. ఐ7-8700టీలో ఆరు కోర్లే గాని పండ్రెండు త్రెడ్లు. ఏఎండీవారి రైజెన్ 5 ప్రో 4650జీఈలో కూడ ఆరు కోర్లు, పండ్రెండు త్రెడ్లు. చివరనున్న టీ అక్షరము 35 వాట్ల తరగతిని సూచించును. ధర దాదాపు సమానమైనచో ఎనిమిదవ తరమునే తీసికొనవలెను. వ్యత్యాసము అధికమైనచో, ఆరవ తరము తీసికొని మిగిలిన సొమ్మును మెమరీపై వెచ్చించుట మేలు. ఎన్100 ప్రాసెసరుతో క్రొత్తవి కూడ చవుకగా వచ్చుచున్నవి. అవి విద్యుత్తును మిక్కిలి పొదుపుగా వాడును గాని, ఇంటెల్‌వారు ఆ ప్రాసెసరునకు చెప్పిన మెమరీ పరిమితి 16 జీబీ. కాగితముపై లెక్క 18 అని తేలినవానికి అది ఎట్లు చాలును?

ఈ చిన్న పెట్టెలలో మెమరీ స్లాట్లు రెండే. 16 జీబీ పలకలు రెండు పెట్టిన 32, ఎనిమిదవ తరము మొదలు 32 జీబీ పలకలు రెండు పెట్టి 64 వరకు నడుపుచున్నవారున్నారు. ఇందులో ల్యాప్‌టాప్‌లలో వాడు పొట్టి పలకలే పట్టును. 64 జీబీ కావలసి, పొట్టి పలకల వెల భారమైనచో, అదే సంస్థలవారి కొంచెము పెద్ద పెట్టెలను చూడవలెను. వానిలో నాలుగు స్లాట్లు గలవి యున్నవి, 16 జీబీ పలకలు నాలుగింటితో పని నెరవేరును. ఒక హెచ్చరిక. సర్వర్ల నుండి ఊడదీసిన రిజిస్టర్డ్ మెమరీ పలకలు అంగడిలో ఆశ్చర్యకరమైన చవుకగా కనబడును. చూపులకు ఒకే తీరుగా నుండును. సాధారణమైన ఆఫీసు కంప్యూటరులో అవి పనిచేయవు. తిరిగి తీసికొందుమని దుకాణదారుడు వ్రాసి యిచ్చిననే గాని వానిని ముట్టుకొనరాదు.

2025 ద్వితీయార్ధములో మెమరీ ధరలు విపరీతముగా పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు నిర్మించుచున్న పెద్ద కేంద్రములు చిప్పుల తయారీలో అధికభాగమును లాగికొనుటయే ఇందుకు ముఖ్యకారణము. పూర్వము "ముందు యంత్రము కొందము, మెమరీ తరువాత చేర్చుకొందము" అను సలహా మంచిదే. ధరలు అట్లు ఎగిరిన పిమ్మట ఆ సలహా తలక్రిందులైనది. ఒకే వెలకు రెండు యంత్రములు దొరకినప్పుడు, ప్రాసెసరు ఒక తరము పాతదైనను, లోపల మెమరీ నిండుగానున్న దానినే ఎంచుకొనుట యుక్తము.

డిస్కు విషయములో పొదుపు పనికిరాదు. నిముషమునకు 7200 మారులు తిరుగు హార్డ్ డిస్కు, చెల్లాచెదరుగా నున్న సమాచారమును తెచ్చుటలో సెకనుకు నూరు పనులకు అటునిటుగా చేయగలదు. సామాన్యమైన ఎస్‌ఎస్‌డీ వేలకొలది చేయును. ఐదు వర్చువల్ మెషీన్లు ఒక్కసారిగా లేచినప్పుడు, ఐదింటికిని ఒకే హార్డ్ డిస్కు ముల్లు అటునిటు పరుగెత్తలేక, యంత్రమంతయు మూర్ఛిల్లినట్లుండును. ప్రాసెసరు చాలలేదని చాలమంది భ్రమపడునది ఇచటనే. కావున మెషీన్లకు ఎస్‌ఎస్‌డీ, భద్రపరచుకొను నకళ్లకు పాత హార్డ్ డిస్కు, అను విభాగము సరియైనది. మరియు హైపర్‌వైజర్లు ఎడతెగక చిట్టాలు వ్రాయుచుండును గనుక, ఎస్‌ఎస్‌డీ కొనునపుడు ఎన్ని టెరాబైట్లు వ్రాయుటకు తయారీదారు హామీ ఇచ్చుచున్నాడో చూడవలెను. పాతదానిని కొన్నచో అది ఇప్పటికి ఎంత అరిగినదో స్మార్ట్ అను లెక్కలో తెలియును.

ఇక అంగడికి పోవుదము. సికింద్రాబాదు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, ఢిల్లీ నెహ్రూ ప్లేసు, ఇవి కంప్యూటరు సామానులకు పేరుపడిన తావులు. ఎచట కొన్నను, పోవునప్పుడు ఏదేని లినక్సు ఎక్కించిన పెన్ డ్రైవు నొకటి జేబులో పెట్టుకొని పొండు. యంత్రమును దానితో లేపి చూడవలెను. బయోస్‌లోనికి ప్రవేశించి, సంకేతపదము అడుగుచున్నచో ఆ యంత్రము వద్దని చెప్పవలెను. ఆఫీసువారు పెట్టిన ఆ తాళమును తీయుట దుకాణదారునికి కూడ చేతకాకపోవచ్చును. లోపల వీటీ-ఎక్స్, వీటీ-డీ అను రెండు ఏర్పాట్లు ఉన్నవో లేదో చూచి, ఆపియున్నచో ప్రారంభింపవలెను. ఏఎండీవారి యంత్రములలో వీనికి ఎస్‌వీఎం, ఐఓఎంఎంయూ అని పేర్లు. వర్చువల్ మెషీను లేవలేదను ఫిర్యాదులలో పలుమారులు దోషము ఇంతమాత్రమే.

పిదప పట్టీలో వ్రాసిన మెమరీ నిజముగా నున్నదా, రెండు స్లాట్లును పనిచేయుచున్నవా యని చూడవలెను. అడాప్టరు యంత్రముతో వచ్చినదేనా, వేరొకటి తగిలించినదా అనునది చిన్న విషయముగా తోచును గాని కాదు. డెల్‌వారి యంత్రములు తమది కాని అడాప్టరును గుర్తింపలేక, ప్రాసెసరు వేగమును తగ్గించివేయును. కొన్నవాడు యంత్రము ముసలిదైనదని నిట్టూర్చుచు కూర్చుండును. ఫ్యాను వద్ద చేయి పెట్టి గాలి వచ్చుచున్నదో లేదో చూడుడు. ఇంటికి తెచ్చిన రాత్రియే మెమ్‌టెస్టు అను ఉచిత ప్రోగ్రామును తెల్లవారువరకు నడిపి, ఒక్క తప్పు కనబడినను మరునాడే తిరిగి తీసికొనిపోవలెను. ఇందుకై వారము రోజుల గడువును బిల్లుపై వ్రాయించుకొనుట మరువరాదు. నోటిమాటకు అంగడిలో విలువ తక్కువ.

నెట్‌వర్కు గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. ఈ పెట్టెలలో ఒక్క గిగాబిట్ ద్వారమే యుండును, సాధనకు అదియే చాలును. ఈఎస్‌ఎక్స్ఐను నేరుగా యంత్రముపై స్థాపింపదలచినవారు మాత్రము ఆ ద్వారము ఇంటెల్ చిప్పుదిగా నున్న యంత్రమును ఎంచుకొన్నచో చిక్కులు తగ్గును.

కరెంటు పోవుట మన యూళ్లలో లెక్కింపవలసిన విషయమే. ఎనిమిది మెషీన్లు వ్రాయుచుండగా దీపమారినచో ఏ డేటాబేసు ఎచట తెగినదో తెలియదు. చిన్న పెట్టెకు సామాన్యమైన చిన్న యూపీఎస్ చాలును. ఇంట ఇన్వర్టరున్నవారు దానిపైననే నడుపవచ్చును. అయితే ఇన్వర్టరు వెనుక యూపీఎస్ అనియు, సాధారణమనియు రెండు పద్ధతుల మీట యుండును. దానిని యూపీఎస్ వైపునకు త్రిప్పవలెను. లేనిచో కరెంటు మారు ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు గాని కంప్యూటరు ఆగిపోవును. పాత ర్యాకు సర్వరునకు ఇట్టి యూపీఎస్ చాలదు, దానికి తగినది కొనుటకు మరల వేలు కావలెను.

ఈ సందర్భముననే తెర పగిలిన పాత ల్యాప్‌టాప్‌ను తలచుకొనవలెను. ఎవరింటనైనను ఒకటి మూలబడియుండును. మెమరీ స్లాట్లు రెండున్నదైనచో అది అచ్చమైన సర్వరు. బ్యాటరీయే దాని యూపీఎస్. విద్యుత్తు వాడుక స్వల్పము. ఒక్కటే జాగ్రత్త. ఏండ్ల తరబడి ప్లగ్గునకు తగిలించియుంచిన బ్యాటరీ ఉబ్బవచ్చును. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఛార్జింగును ఎనుబది శాతము దగ్గర ఆపు ఏర్పాటు ఉన్నది, దానిని వాడవలెను. ఉబ్బు కనబడిన నాడే బ్యాటరీని తీసివేయవలెను, నిప్పుతో చెలగాటము వద్దు.

హైపర్‌వైజరు దేనిని ఎంచుకొనవలెనను ప్రశ్నకు గత రెండు మూడేండ్ల చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొనినది. 2024 ఫిబ్రవరిలో ఉచితమైన ఈఎస్‌ఎక్స్ఐ ఆగిపోయినది. 2025 ఏప్రిల్‌లో మరల ఉచిత సంచిక వచ్చినది. క్రొత్త సంచికలు పాత ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా జాబితా నుండి తొలగించుచున్నవి. అందుచేత, అడుగున కేవీఎంపై ఆధారపడిన ప్రాక్స్‌మాక్స్ వంటి స్వేచ్ఛా ప్రోగ్రామును ఉంచి, వీఎంవేర్ నేర్వదలచినచో ఈఎస్‌ఎక్స్ఐను దాని లోపల మరియొక వర్చువల్ మెషీనుగా నడుపుట క్షేమమని మేము భావించుచున్నాము. యంత్రములో యంత్రము, దానిలో మరల యంత్రము. వేగము కొంత తగ్గును గాని, నేర్చుటకు ఏ కొరతయు ఉండదు. పైపెచ్చు చెడిపోయినప్పుడు నిన్నటి నకలును తెచ్చుకొని మరల మొదలుపెట్టవచ్చును.

ఒక పెద్ద యంత్రమా, రెండు చిన్నవా అని కొందరడుగుదురు. ఒక యంత్రము ఆగినప్పుడు మెషీన్లు రెండవదానికి తరలిపోవుటను సాధన చేయవలెనన్నచో రెండు కావలెను. ప్రాక్స్‌మాక్స్‌లో రెండింటితోనే గుంపు కట్టినచో ఒకటి ఆగినపుడు ఓట్లు చాలక రెండవది కూడ మార్పులను నిరాకరించును. మూడవ ఓటుకై ఏదేని చిన్న లినక్సు పెట్టె నొకదానిని సాక్షిగా నిలుపుకొనవచ్చును, దానికి మెమరీ అర జీబీ యున్నను చాలును. అయితే ఆ రెండవ యంత్రమును మొదటినాడే కొననక్కరలేదు. మొదటిది ఆరు నెలలు నడిచి, దానిలోని మెమరీ నిండిన నాడు కొనవచ్చును. అప్పటికి అదే నమూనా యంత్రము దొరకినచో పలకలును, అడాప్టర్లును ఒకదానివి ఒకదానికి పనికివచ్చును.